మూడో తాళంచెవి

గండిపురం రాజు కంపరాయలకు అన్నం అరక్కపోతే ఒక ఆజ్ఞ పుట్టేది. ఆ రోజు పుట్టింది ఇది: "ఎందుకిస్తున్నామో ఎవరూ చెప్పలేని సెలవు, ఇక సెలవు కాదు."

ఖజానాకు ఏడాదికి ఒకటే సెలవు, జ్యేష్ఠంలో మొదటి సోమవారం. మిగతా రోజుల్లో కోడి కూయగానే తలుపు తెరవాలి. దానికి మూడు తాళాలు. ఒక తాళంచెవి మంత్రి దగ్గర, ఒకటి లక్కముద్రలు వేసే గురవప్ప దగ్గర ఉంటాయి. మూడోది రాజుగారి మొలతాడుకు. దాన్ని మరొకరు ముట్టకూడదు.

ఖజానా మంత్రి పేరయ్య లేచాడు. ఆయన చాలా దేశాలు తిరిగాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు.

"ప్రభూ, ఒక ద్వీపంలో పరాయి పాలన పోయిన రోజున ఖజానా మూస్తారు. ఇంకోచోట రాజుగారి పుట్టినరోజుకు. ఆయన పుట్టింది చలికాలంలో, ఊరేగింపుకు ఇబ్బందని ఎండాకాలానికి జరిపారు. అన్నిటికీ అర్థం ఉంది. మన సోమవారానికేముంది, బద్ధకం తప్ప!"

"అయితే రద్దు!" అన్నాడు రాజు.

గురవప్ప గుండెల్లో రాయి పడింది. నలభై ఒకటో ఏట కుదిరిన పెళ్లిచూపులు ఆ సోమవారం మధ్యాహ్నమే. ఇదివరకటి సంబంధం, ఇతనికి తీరిక దొరికేలోపు ఇంకొకడు తన్నుకుపోయాడు. ఆ ఇంకొకడు మా మేనత్త కొడుకే. నేనేమీ అనను.

"ప్రభూ, కారణం నేను వెతికి తెస్తాను. సోమవారం దాకా గడువివ్వండి," అన్నాడు గురవప్ప.

"తేలేకపోతే?"

"ఇంకో ఏడాది వంట నేనే చేసుకుంటాను."

సోమవారం కోడి కూసింది. రాజుగారి పడకగది ముందు డప్పు మోగింది. కళ్లు నులుముకుంటూ రాజు తలుపు తీశాడు. ఎదురుగా గురవప్ప, వెనక ఆవలిస్తూ పేరయ్య.

"ఏమిరా ఈ గోల? ఇవాళ జ్యేష్ఠ సోమవారం!"

"రద్దు చేశారు కదా ప్రభూ. మూడో తాళంచెవితో దయచేయండి."

"ఏడాదికి ఈ ఒక్కరోజే కదరా పొద్దెక్కేదాకా పడుకునేది! మా తాతగారూ అంతే, మా నాన్నగారూ అంతే..."

రాజు ఆగిపోయాడు. గురవప్ప చేతులు కట్టుకున్నాడు.

"కారణం మీ మంచం మీదే దొరికింది ప్రభూ."

రాజు గడప మీదే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. సెలవు తిరిగొచ్చింది. గురవప్పకు పట్టుపంచె, ఎక్కి వెళ్లడానికి రాజుగారి పల్లకీ దొరికాయి. సెలవు బద్ధకమన్న పేరయ్యకు, మూసిన ఖజానా ముందు సాయంత్రం దాకా కాపలా దొరికింది.

పిల్ల తల్లి వెంటనే ఒప్పుకుంది. పల్లకీని చూసి ఒప్పుకుందని నేననలేదు.