లెక్కల గంటలో బియ్యం

సుభద్రమ్మ టీచరు ఎవరేం చెప్పినా ఒక పట్టాన నమ్మేది కాదు. ఆడపిల్లల్ని బడికి పంపండని ముప్పై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి తిట్లు తిన్న మనిషి. అంతా బాగుందన్న మాట వింటే ఆమెకి మరింత అనుమానం. ఆమె దగ్గరే చదువుకుని ఆ ఊరి బడికే మాస్టరైన యతిరాజు ఒకరోజు పొద్దున్నే వచ్చి అడిగాడు.

"టీచరమ్మా, మా ఐదో తరగతిలో ఆడా మగా సమానం. అవే బల్లలు, అవే పుస్తకాలు. అయినా ఆడపిల్లలకి లెక్కలు రావు. ఎందుకంటారు? మూడు నెలల్లో గురుకుల పరీక్ష. పేర్లు ఇవాళే పంపాలి. పైడితల్లి ఒకటే ఆశ పడుతోంది, కానీ ఆ పిల్లకి భిన్నాలు బుర్రకెక్కవు. అందుకే పేరు రాయలేదు."

"సమానమేనా? పద, చూద్దాం" అందామె.

మొదటి గంట లెక్కలు. యతిరాజు హాజరు పిలిచి బోర్డువైపు తిరిగాడు. కాసేపటికి వెనక్కి చూస్తే సుభద్రమ్మ లేదు. మనసేదో కీడు శంకించి, చేతిలో సుద్దముక్కతోనే బయటికొచ్చాడు.

ఆమె వంటపాక దగ్గర గొంతుక్కూచుని ఉంది. చుట్టూ ఆరుగురు ఆడపిల్లలు, చేటల్లో మధ్యాహ్న భోజనం బియ్యం.

"ఇప్పుడు మీ మాస్టారు ఏం పాఠం చెబుతున్నారే?"

పైడితల్లి మాస్టారి వంక ఓరగా చూసింది. నిజం చెబితే ఏమవుతుందోనని ఆ పిల్ల భయం. "తెల్దండి. మొదటి గంట మేం రాళ్ళేరతాం కదండీ, రోజూ."

యతిరాజుకి తల కొట్టేసినట్టయింది. వంటామె ఆలస్యంగా వస్తోందని ఏడాది కిందట ఆ పని పురమాయించింది తనే. గబగబా మగపిల్లల్ని పిలిచి, ఆడపిల్లల్ని తరగతికి పొమ్మన్నాడు. పైడితల్లి చేట వదల్లేదు.

"ఇయ్యాల ఒక్కరోజుకేనాండి?"

అతను ఆ పిల్ల చేతిలోంచి చేట మెల్లిగా తీసుకున్నాడు.

మగపిల్లలు చేటలు అందుకున్నారు. ఈశ్వరుడు సగం బియ్యం నేలపాలు చేశాడు. "ఒరే, కొత్తకోడలా, నెమ్మదిరా!" అని పక్కవాడు పకపకా నవ్వాడు. ఈశ్వరుడు ఉడుక్కున్నాడు. "మాకిది రాదు సార్!"

"పోన్లెండి టీచరమ్మా" అన్నాడు యతిరాజు జాలిగా. "పాపం, ఎప్పుడూ చేసినవాళ్ళు కాదు. నాలుగు రోజులు దగ్గరుండి నేర్పితే అదే వస్తుంది."

సుభద్రమ్మ అతని మొహంలోకి సూటిగా చూసింది.

"నేర్పితే వస్తుందన్నావు. బాగుంది. ఆ పేర్ల కాగితం ఇంకా పంపలేదు కదూ?"