పెద్దవీధిలో డప్పు, కుమ్మరి సందులో మంచం

ఆ రోజు కందిమళ్ళ రాజు బసవభూపతి భోజనంలోకి పెరుగు లేదు.

పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కున్న రాజు ఎంత ప్రమాదమో కొలువులో అందరికీ తెలుసు. వంటవాడు స్తంభం చాటుకు పోయాడు. మంత్రిగారికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది.

"పెరుగేదీ?" అని గర్జించాడు రాజు.

సుంకాధికారి మార్తాండరావు మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. "తనిఖీలో ఒలికిపోయింది మహాప్రభూ! పెరుగు తెచ్చిన బండికి ఈ ఏటి బాట పన్ను కట్టారో లేదో చూడాలి కదా. కుండలన్నీ దింపించాం."

"కట్టారా?"

"నిక్షేపంగా కట్టారు ప్రభూ!"

ఆ రాజ్యంలో బండికి పన్ను కట్టినవాళ్ళకి ఓ రాగి బిళ్ళ ఇస్తారు. దొంగల భయంతో బండివాళ్ళు దాన్ని గడ్డి కింద, బస్తాల అడుగున దాచుకుంటారు. బిళ్ళ చూడాలంటే బండంతా దింపాల్సిందే. మార్తాండరావుకి దింపించడమంటే మహా సరదా. ఎద్దుల్ని కూడా దింపమనేవాడే, అవి నేలమీదే నిలబడ్డాయి గనక సరిపోయింది.

రాజుకి కోపం నషాళానికంటింది. "రేపు సంత. పన్ను ఎగ్గొట్టిన బండ్లు నాకు దొరకాలి. అలాగని పన్ను కట్టినవాడి బండి ఒక్కటి ఆగినా ఊరుకోను. ఎవరివల్ల అవుతుంది?"



"ఆపకుండా, దింపకుండా ఎలా తెలుస్తుంది ప్రభూ? అది ఆ బ్రహ్మదేవుడి తరం కూడా కాదు," అన్నాడు మార్తాండరావు.

రాజుకి తమలపాకు చిలకలు చుట్టి అందించే సింగన్న సరిగ్గా అప్పుడే నోరు జారాడు.

"బ్రహ్మదేవుడి దాకా ఎందుకండీ, నేను చాలనూ?"

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. తాతల నాటి నుంచి వస్తున్న కొలువు అది. దానిమీద మార్తాండరావుకి ఎప్పట్నుంచో కన్ను. అనుకున్నట్టే అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వీడు ఓడితే ఆ తమలపాకుల సంచి మా మేనల్లుడికి ఇప్పించాలి ప్రభూ!"

"అలాగే," అన్నాడు రాజు. ఆకలి మీదున్న మనిషి, ఏమడిగినా అలాగే అనేట్టున్నాడు. "నీకేం కావాలిరా సింగన్నా?"

సింగన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.  "రేపు మార్తాండరావుగారు పెద్దవీధి మొదట్లో జెండా పాతి, డప్పులు కొట్టించి, తనిఖీ తనిఖీ అని కేకలేయించాలి ప్రభూ. కానీ ఎవరినీ ఆపకూడదు. ఇక నాకంటారా, ఓ నులకమంచం ఇప్పించండి చాలు."

"మంచం దేనికయ్యా? కొలువు పోయాక పడుకోడానికా?" అన్నాడు మార్తాండరావు. సభంతా ఘొల్లుమంది.

తెల్లవారింది. పెద్దవీధిలో డప్పులు మోగాయి. మార్తాండరావు జరీ తలపాగా చుట్టుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. బండ్లు అతని ముందు నుంచే దర్జాగా సంతకి వెళ్ళిపోయాయి. ఎండెక్కాక రాజే స్వయంగా వచ్చాడు.

"సింగన్న ఏడీ?"

"పారిపోయుంటాడు ప్రభూ!"

"లేదు దొరా," అన్నాడు డప్పు కొట్టేవాడు. "కుమ్మరి సందు చివర మంచమేసుకుని కూర్చున్నాడు."

కుమ్మరి సందు పేరు వినగానే మార్తాండరావు మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆ బురదలోకి తమరెందుకు ప్రభూ!" అని అడ్డం పడ్డాడు. రాజు వింటేనా? సంత వైపు నుంచి సందు చివరికి వెళ్ళాడు.

పెద్దవీధి కాక సంతకి ఉన్న దారి కుమ్మరి సందొక్కటే. అందులో మోకాటిలోతు బురద, అడుగడుగునా కుండపెంకులు. బుద్ధున్నవాడెవడూ అటు బండి తోలడు. ఇవాళ మాత్రం సందు నిండా బండ్లే. చివర దారికి అడ్డంగా మంచం వేసుకుని సింగన్న తీరిగ్గా ఆకులు చుడుతున్నాడు. బండివాళ్ళకి ముందుకు పోదామంటే మంచం, వెనక్కి తిప్పుదామంటే చోటు లేదు.

"వీళ్ళే ప్రభూ," అన్నాడు సింగన్న లేచి నిలబడి.

రాజు ముందున్న బండివాడిని అడిగాడు. "ఏరా, పన్ను కట్టావా?"

"పోయినేడాది కట్టాను దొరా," అన్నాడు వాడు నీళ్ళు నములుతూ.

"ఒక్క బండైనా దింపకుండా ఎలా కనిపెట్టావురా సింగన్నా?"

"కట్టలేదని బండివాడికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది ప్రభూ? అందుకే తనిఖీ పని వాళ్ళకే అప్పజెప్పాను!"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!" అని రాజు పకపకా నవ్వాడు.

మార్తాండరావు మాటిమాటికీ సందు మొదలు వైపు చూస్తున్నాడు. "అన్యాయం ప్రభూ! సందులోకొచ్చిన వాళ్ళంతా దొంగలేనా? ఏ పెద్దమనుషుల బండైనా ఊరికే ఈ దారిన రాకూడదా? ముందా మంచం తీయించండి, అందరూ పోతారు!"

రాజు నవ్వు ఆగింది. ఆ మాటా నిజమేననిపించింది. సింగన్న చేయి తన సంచిని గట్టిగా పట్టుకుంది.

"రావచ్చండీ," అన్నాడు మెల్లగా. "వస్తే వాళ్ళనే అడుగుదాం."

అంతలో గజ్జెలు ఘల్లుఘల్లుమన్నాయి. పట్టుతెర కట్టిన బండొకటి సందులోకి తిరిగి, బురదలో కూరుకుపోయింది. తెర తొలగించి మార్తాండరావు భార్య కామాక్షమ్మ తల బయటపెట్టింది. ఆవిడకి మొగుడు తప్ప ఎవరూ కనబడలేదు.

"ఏమండీ! పెద్దవీధిలో తనిఖీ ఉంది, మన బండికి పన్ను కట్టలేదు, కుమ్మరి సందులోంచి వచ్చెయ్యమని కబురెట్టింది మీరేగా? తీరా వస్తే ఈ బురదేమిటి, అడ్డంగా ఆ మంచమేమిటి?"

 మార్తాండరావు చేయి అలవాటు కొద్దీ మీసం మీదికి పోయింది.

"దాన్ని తర్వాత దువ్వుకుందురు గాని, దిగి బండి తొయ్యండి!" అంది కామాక్షమ్మ.

జరీ తలపాగాతో సుంకాధికారి బురదలోకి దిగి చక్రానికి భుజమానించాడు. బండివాళ్ళు ఈలలు వేశారు. రాజు కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, తన చేతి బంగారు కంకణం తీసి సింగన్న చేతికి తొడిగాడు.