భోజనం పెట్టినవారి కారు

తెనాలిలో పెళ్లి ఫొటోలు తీసే శేషగిరి మంచి పనివాడే గాని, వట్టి మొహమాటస్థుడు. ఎర్ర స్పోర్ట్స్ కారు పక్కన ఫొటో దిగాలని పెళ్లిజంటలు ముచ్చటపడేవారు. ప్రతిసారీ అద్దెకు తేవడమెందుకని, ఇంటికోసం ఉంచుకున్న స్థలం అమ్మి, పాతదొకటి కొనాలనుకున్నాడు.

విజయవాడలో సుదర్శనం అనే ఆయన దగ్గర అలాంటి కారు ఉందని తెలిసింది. శేషగిరి మెకానిక్ ఖాసింను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి వినాలని, కాళ్లకింది పట్టా ఎత్తి చూడాలని, గతుకుల్లో ఒకసారి నడపాలని ఖాసిం బస్సులోనే చెప్పాడు. శేషగిరి అన్నింటికీ తలూపాడు.

కారు తళతళలాడుతోంది. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంది. సుదర్శనం తాళాలు శేషగిరి చేతిలో పెట్టి, ముందు భోజనాలు కానివ్వమన్నాడు. ఆయన భార్య అరిటాకులు వేసి గోంగూర, ముద్దపప్పు, పూర్ణాలు కొసరి కొసరి వడ్డించింది.

"మొహమాటపడకు తమ్ముడూ, ఇది మీ అక్క ఇల్లే అనుకో" అన్నాడు సుదర్శనం.

చేతులు కడుక్కోగానే ఖాసిం కారు తలుపు తీసి పట్టా ఎత్తబోయాడు. సుదర్శనం గుమ్మంలోంచి చూస్తుండగానే శేషగిరి చప్పున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్లింట్లో తిని, వాళ్ల బండినే అనుమానిస్తే ఏం బాగుంటుంది ఖాసిం?" అని గొణిగాడు.

"పూర్ణాలు నోట్లో వేసుకున్నాకే కదా బాగున్నాయన్నారు? దీన్ని కూడా చూశాకే అందాం" అన్నాడు ఖాసిం.

శేషగిరి వినలేదు. స్థలం అమ్మిన డబ్బిచ్చి, కాగితాలు రాయించుకుని, కారు తెనాలికి తెచ్చేశాడు.

పదోరోజున సూర్యలంక తీరంలో ఒక జంటకు ఫొటోలు తీస్తుంటే కారు ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. ఎండ ముదిరేసరికి లోపలినుంచి మురుగు వాసన మొదలైంది. పెళ్లికూతురు ముక్కు మూసుకుని దిగిపోయింది. కబురు పెడితే ఖాసిం వచ్చి పట్టా ఎత్తాడు. అడుగున ఒండ్రు ఎండి అట్టకట్టి ఉంది. వైర్ల కొసలు పచ్చగా చిలుము పట్టాయి. అది వరదలో మునిగిన బండి. బాగుచేయాలంటే కారు కొన్నంత ఖర్చవుతుందన్నాడు ఖాసిం.

శేషగిరి సుదర్శనానికి ఫోన్ చేశాడు. ఆయన కొంచెం కూడా తడుముకోలేదు.

"తాళాలు నీ చేతికే ఇచ్చాను కదా తమ్ముడూ. పట్టా ఎత్తబోయినవాణ్ణి ఆపింది నేనా, నువ్వా?"

స్థలం పోయింది, కారు షెడ్డులో పడింది. ఆ పెళ్లిళ్ల సీజనంతా మళ్లీ అద్దె కారే తెచ్చుకున్నాడు.

నీతి: మర్యాద మనుషులకు చేయాలి, వస్తువును మాత్రం మొహమాటం లేకుండా పరీక్షించే కొనాలి.