రెండు పట్టికల్లో అప్పలకొండ గజ్జి

దేవుడు బుద్ధులు పంచుతూ వస్తుంటే, సరిగ్గా తమ వాకిట్లో బండి బోల్తాపడి ఉన్నదంతా అక్కడే ఒలికిపోయిందని పైడమ్మ నమ్మకం. మొగుడు అప్పలకొండ గానీ, మరిది సన్నాసి గానీ కాదనలేదు. కాదనడానికైనా కాస్త బుద్ధి ఉండాలి కదా.

అలాంటి అప్పలకొండకి గజ్జి పట్టింది. "దురద పోయేదాకా నీ కంచమూ పడకా పశువుల పాకలోనే మావా" అని తేల్చేసింది పైడమ్మ. ముగ్గురూ ఆసుపత్రికి పోయారు.

కంప్యూటరు దగ్గర కూర్చునే నిర్మల వివరాలు ఎక్కించుకుంది.

"మా అన్నని ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు సన్నాసి.

"రెండు పట్టికల్లో బాబూ. పేరు, వయసు, ఊరు ఒకదాంట్లో. రోగం, మందు ఇంకోదాంట్లో. రెండింట్లోనూ నంబరు పదిహేడే. ఆ నంబరు పట్టుకుని ప్రోగ్రాము రెండూ కలిపి ఒకే మనిషిగా చూపిస్తుంది" అని పదిహేడు వేసిన చీటీ ఇచ్చి, డాక్టరమ్మని కలవమంది.

పైడమ్మ బుర్ర పాదరసంలా పరిగెత్తింది. "విన్నావా మరిదీ? మీ అన్న ఒక పట్టికలో, గజ్జి ఇంకో పట్టికలో. వేరుపడిపోయారు. ఇంక మందెందుకు?"

అంతే, మందు లేకుండానే ఇంటిదారి పట్టారు.

"వేరుపడితే ఇదేటే మరి?" అన్నాడు అప్పలకొండ, వీపు గోక్కుంటూ.

"కలిపే నంబరు జేబులో పెట్టుకు తిరిగితే కలవదేటి? ఇలా తే."

ఇంకేముంది, చీటీ తీసి పాకలోని మేక మెడకి కట్టారు. దురద మాత్రం తగ్గలేదు. అప్పలకొండ అన్నం పాకలోనే తిన్నాడు. మర్నాడు మేకతో సహా ఆసుపత్రికి హాజరు.

"రోగి ఎవరు?" అంది డాక్టరమ్మ.

"పదిహేడో నంబరండి" అని సన్నాసి మేకని కుర్చీ ఎక్కించాడు. అది బల్లమీది కాగితాలు నమలసాగింది.

డాక్టరమ్మ గోక్కుంటున్నవాణ్ణి చూసి, సంగతి కనిపెట్టి, మందు గొట్టం వాళ్ళ చేతిలో పెట్టింది. "గజ్జి ఉన్నచోట దట్టంగా పట్టించండి. మూడు పూటలా. ముందు ఆ మేకని దింపండి."

బయటికొచ్చి పైడమ్మ నిర్మలని అడిగింది. "అమ్మా, మా మావ గజ్జి ఇప్పుడెక్కడుంది?"

"రెండో పట్టికలో. ఇదిగో" అని తెర మీద చూపించి, నిర్మల మంచినీళ్ళకి లేచింది.

అంతే. పైడమ్మ తెరకి పట్టించింది. సన్నాసి మీటల సందుల్లోకి కూరాడు. గొట్టం ఖాళీ అయ్యేసరికి కంప్యూటరు కుయ్యిమని నల్లబడింది.

"చూశావా, నెమ్మదించింది" అంది పైడమ్మ. "రేపట్నుంచి మూడు పూటలా వచ్చి పట్టిద్దాం. పద మావా, ఈ పూట నీ కంచం ఇంట్లోనే."

అప్పలకొండ రెండు చేతులా గోక్కుంటూ కంప్యూటరు వైపు జాలిగా చూశాడు.

"పాపం, ఎంత దురద పడిందో."