తూకం రాయి

శిష్యుడు ఖాదర్‌కు గురువు మెతకదనం నచ్చేది కాదు.

ఆ గురువు, పెన్న ఒడ్డున దర్గాలో ఉండే మస్తానయ్య అనే ఫకీరు, పిల్లల్లేని ఆడవాళ్లకు మందు ఇచ్చేవాడు. బిడ్డ పుట్టాక దర్గా తక్కెడలో పడుకోబెట్టి, సరితూగే చక్కెర పంచడం అక్కడి మొక్కు.

మందు ఇచ్చే పని తన చేతికి రాగానే ఖాదర్ ఆ తక్కెడలో తల్లులనే తూచడం మొదలుపెట్టాడు. తను పెట్టిన హద్దు దాటితే, ఎక్కువైనంత బరువు రాయిని చూపించి, ఇంత తగ్గి రమ్మనేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, అట్లా.

ఓబులమ్మకు పొత్రమంత రాయి చూపించాడు. ఆమె తిండి మానింది. కళ్లు గుంటలు పడ్డాయి గాని బరువు తగ్గలేదు; మళ్లీ వచ్చినప్పుడూ అదే రాయి.

"ఎప్పటికి తగ్గాల నాయనా? నాకు నలభై వస్తాండాయి."

"తగ్గినప్పుడు తగ్గుతుందిలేమ్మా" అన్నాడు ఖాదర్.

ఆమె వెళ్లలేక అరుగు మీద కూలబడింది. లోపలి నుంచి మస్తానయ్య వచ్చాడు. లావు ఒంటికి మందు సరిగా పట్టదనీ, కాన్పు కష్టమనీ, తను ఆమె మంచికే చెప్పాననీ ఖాదర్ అన్నాడు.

"నిజమే. ఆ భయం ఆమెకు చెప్పినావా?"

చెప్పలేదు. రాయి మాత్రమే చూపించాడు.

మస్తానయ్య ఆ రాయి తీసి శిష్యుడి చేతుల్లో పెట్టాడు. "ఆమె తగ్గిందాకా పట్టుకో" అని, పక్కనే కూర్చుని మందు నూరుకోసాగాడు.

ఎండ అరుగు మీదికొచ్చింది. ఖాదర్ రాయిని పొట్టకు ఆనించుకున్నాడు. రాయి దించడానికి గురువు భయం, మోయడానికి ఓపిక లేదు.

"ఎప్పటిదాకా హజ్రత్?"

"తగ్గినప్పుడు తగ్గుతుందిలే."

ఖాదర్ తల వంచుకున్నాడు. అతని అవస్థ చూడలేక ఓబులమ్మే లేచి వచ్చింది.

"ఇట్లియ్యి నాయనా, కాసేపు నేను పట్టుకుంటా."

రాయిని తీసుకుని అరుగు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. ఎండ తగలకుండా దాని మీద కొంగు కప్పింది. ఎటో చూస్తూ ఉంది. తనకు తెలియకుండానే ఆమె చెయ్యి ఆ రాయిని జోకొట్టసాగింది.

ఖాదర్ చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత గురువు దగ్గరున్న మందు గిన్నె అందుకుని, వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ముందు నీకో భయం చెప్పాల" అన్నాడు. "విన్నాక, తాగేదీ లేనిదీ నీ ఇష్టం."