ఒంటి చెప్పు నగరం

గగనపురం రాజు విక్రమభూపతి లోకంలోకెల్లా ఎత్తయిన గోపురం కట్టించాడు. ఏం లాభం? ఎక్కి దిగిన పరదేశులు పొలిమేర దాటేసరికి ఊరి పేరే మరిచిపోయేవారు. రాజుకు ఒళ్ళు మండింది.

"ఇంకో వంద మూరలు లేపండి! అడ్డంగా ఉన్న ఆ గుడిసె పీకేయండి!" అన్నాడు.

ఆ గుడిసె, గోపురం ఎక్కేవాళ్ళు కింద విప్పిన చెప్పులు కాసే సుంకులమ్మది. "నెల్లాళ్ళు ఆగండి దొరా. అప్పటికీ మన ఊరి పేరు లోకమంతా మోగకపోతే నేనే పీక్కుంటాను" అందామె.

రాజు సరేనన్నాడు. మర్నాటి నుంచి గోపురం దిగినవాళ్ళకు ఆమె ఒక్కో చెప్పే ఇచ్చింది. "రెండోది కనబడ్డం లేదయ్యా, వచ్చే నెల రండి" అని పంపేసింది. వాళ్ళు కుంటుకుంటూ ఏ దేశం వెళ్ళినా, "రెండో చెప్పు ఏదయ్యా?" అని అడగనివాడు లేడు. "గగనపురంలో!" అని వీళ్ళు పళ్ళు కొరకని రోజూ లేదు.

నెల తిరిగేసరికి ఒంటి చెప్పులు తొడుక్కుని జనం విరగబడ్డారు. వింత చూద్దామని చుట్టాలు కూడా వెంట వచ్చారు.

రాజు మీసం దువ్వాడు. "చూశావా నా గోపురం మహిమ!"

కానీ ఒక్కడూ తల పైకెత్తలేదు. అందరూ ఒకరి కాళ్ళకేసి ఒకరు చూసుకుంటున్నారు. రాజు ముఖం మాడిపోయింది.

"అయితే ఈ గోపురం ఎందుకు? కూల్చేయండి!"

"అయ్యో, వద్దు దొరా!" అంది సుంకులమ్మ. "అది లేకపోతే వీళ్ళచేత చెప్పులు విప్పించేదెలా?"