కంచు విగ్రహం మీద హత్యానేరం

గ్రీకుల సముద్రంలో ఒకానొక దీవి. ఆ దీవిలో కెరినా అనే నగరం. ఆ నగరాన్ని అగాథర్కస్ అనేవాడు ఏలుతుండేవాడు.

అతను పుట్టుకతో రాజు కాడు. పూర్వం కెరినా పౌరులు కొండవాలులో సభ కూడి, చేతులెత్తి, తమ పనులు తామే తీర్మానించుకునేవారు. ఒక కరువు ఏడాది అగాథర్కస్ ఆ సభలో లేచి "నేను పేదల పక్షం" అన్నాడు. ఆ మాట అన్నందుకు పెద్దవాళ్ళు తనను చంపజూస్తున్నారని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కాపలాకు కొందరు దుడ్డుకర్రల వాళ్ళను ఇమ్మన్నాడు. జనం జాలిపడి ఇచ్చారు. ఆ దుడ్డుకర్రలతోనే అతను కోట పట్టుకున్నాడు. ప్రజల పేరు చెప్పి గద్దెనెక్కినవాడు మొట్టమొదట మూయించేది ప్రజల నోరే కదా. కొండవాలులో ఆ తర్వాత మేకలు మేశాయి.

అయితే పాత చట్టాల జోలికి మాత్రం అతను పోలేదు. "మన తాతలు రాతి పలకల మీద చెక్కించిన చట్టంలో ఒక్క ముక్క నేను మార్చలేదు" అని వచ్చిన ప్రతివాడితో చెప్పుకుని మురిసిపోయేవాడు.

జ్యూస్ దేవుడి పండుగ దగ్గరపడింది. పక్క నగరాల రాయబారులు దిగారు. వాళ్ళ కళ్ళముందే గుడి ముంగిట తన కంచు విగ్రహం లేవాలని అగాథర్కస్ పట్టుబట్టాడు. లోపలున్న దేవుడికన్నా బయటి రాజు ఎత్తు. ఆవేళ సముద్రం మీంచి ఈదురుగాలి కొడుతోంది. పాత తాడు మార్చమని, గాలి తగ్గనివ్వమని మేస్త్రీ బతిమాలాడు. రాజు వినలేదు. విగ్రహం సగం లేచాక తాడు తెగింది. కింద నికాన్ అనే కూలివాడు నలిగి చచ్చిపోయాడు. విగ్రహానికి ముక్కు కూడా వంగలేదు.

మేస్త్రీ పేరు ఎర్గినస్. నికాన్ అతని ఒక్కగానొక్క కొడుకు.

తప్పు జరిగితే ఎవడో ఒకడు దోషి కావాలి. ఆ దోషి ఎప్పుడూ కింద నిలబడినవాడే అయివుండాలి. అధికారం ఎక్కడైనా పాటించే మొదటి సూత్రం ఇదే. ముడి వదులుగా వేశాడని, అతనే హంతకుడని ఎర్గినస్‌ను పట్టుకున్నారు. మర్నాడు విచారణ, ఆపైన కొండకొమ్ము నుంచి తోసివేత.

హంతకుడి చెయ్యి శవాన్ని తాకకూడదనీ, తాకితే చచ్చినవాడికి పరలోకంలో దారి దొరకదనీ ఆ ఊరి నమ్మకం. అందుకని నికాన్ శవాన్ని గుడి బయట చాప మీద పెట్టారు. తండ్రిని చూపు ఆనేంత దూరంలో స్తంభానికి కట్టేశారు. ఈగలు ముసురుతుంటే అతను అక్కణ్ణుంచే "హుష్, హుష్" అంటున్నాడు.

ఆ సాయంత్రం రాజుగారి విందు జరిగింది. పంక్తిలో ఒక చివర మిక్కస్ అనే పొట్టివాడు కూర్చున్నాడు. రాజు తిండి తిని, రాజును నవ్వించడం అతని కొలువు. గుడి ముందునుంచే నడిచి వచ్చాడు కనుక ఆవేళ ముద్ద దిగడం లేదు.

"ఏరా మిక్కస్, మూతి ముడుచుకున్నావేం? అత్తగారు వచ్చిందా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ. ఎద్దు గురించి ఆలోచిస్తున్నాను. పండుగనాడు బలి ఇస్తామే, ఆ ఎద్దు. దాని చావు మీద విచారణ జరుగుతుందని చెబితే ఈ అతిథులు నమ్మడం లేదు."

"ఎద్దుకు విచారణా?" అని ఒక రాయబారి నవ్వాడు.

రాజు పొంగిపోయాడు. "నవ్వకండి. దున్నే ఎద్దు మనిషికి తోటి పనివాడు. దాన్ని చంపడం హత్యే. అందుకని బలి కాగానే విచారణ పెడతాం. గొడ్డలి నూరేందుకు నీళ్ళు తెచ్చిన పిల్లల్ని అడిగితే, నూరినవాడిది తప్పంటారు. వాడు నరికినవాడి మీదకు తోస్తాడు. నరికినవాడు గొడ్డలి మీదకు తోస్తాడు. గొడ్డలికి నోరు లేదు, ఇంకెవరిమీదకూ తోయలేదు. కనుక అదే దోషి. పట్టుకెళ్ళి సముద్రంలో పారేస్తాం. మా ధర్మం అంత సున్నితం!"

అతిథులు మెచ్చుకున్నారు. మిక్కస్ నిట్టూర్చాడు.

"ఆ ఎద్దు ఎంత పుణ్యం చేసుకుందో ప్రభూ! దాని చావుకు ఇంతమందిని అడుగుతారు. ఇవాళ చచ్చిన నికాన్ చావుకు ఒక్కణ్ణే అడుగుతున్నారు. కెరినాలో మనిషిగా పుట్టేకన్నా ఎద్దుగా పుట్టడం మేలని వీళ్ళు ఊరికెళ్ళి చెబుతారేమోనని నా దిగులు."

రాయబారుల చూపులన్నీ రాజు మీదకు తిరిగాయి.

"ఎవడు చెప్పేది?" అని రాజు గర్జించాడు. "రేపు అదే పద్ధతి. నేనే కూర్చుంటాను. ఒకరి తర్వాత ఒకరిని అడుగుతాను."

"నోరులేనివాటి తరఫున నన్ను మాట్లాడనిస్తారా? మీ ఏలుబడిలో నోరులేనివాళ్ళకూ నోరుందని లోకానికి తెలుస్తుంది."

"మాట్లాడు. వినోదంగా ఉంటుంది."

మర్నాడు గుడి మెట్ల మీద ఊరంతా చేరింది. చేపలమ్మేవాళ్ళు బుట్టలు దించి నిలబడ్డారు. ఒక పక్క విగ్రహం వెల్లకిలా పడి ఉంది. దానికి చుట్టిన తాడు తెగిన కొసతో అలాగే ఉంది. మరో పక్క చాప మీద శవం.

రాజు గొంతు సవరించుకున్నాడు. "ఎర్గినస్! నికాన్‌ను చంపింది ఎవరు?"

ముసలివాడు తల ఎత్తలేదు. "నేనే."

జనం గొల్లుమన్నారు. మిక్కస్ వేసిన ఎత్తు మొత్తం ముసలివాడు కాదనడం మీదే ఆధారపడి ఉంది.

"నేనే దొరా. వాణ్ణి ఈ పనిలోకి తెచ్చింది నేనే. అక్కడ నిలబడమంది నేనే. తోసేయండి, పోతాను. వాడి వెనకాలే పోతాను."

"ఒప్పుకున్నాడుగా, అయిపోయింది" అని రాజు లేవబోయాడు.

"ఒక్క మాట ప్రభూ!" మిక్కస్ పరుగున వెళ్ళి స్తంభం ముందు గొంతుక్కూర్చున్నాడు. "తాతా, నా వైపు చూడు. నువ్వు 'నేనే' అంటే నీ చెయ్యి వాడిమీద పడకూడదు. ఎవరో తెలియనివాళ్ళు వాణ్ణి గుంటలోకి దొర్లిస్తారు. వాడికి స్నానం ఎవరు చేయిస్తారు? ఆ మొహంమీద మట్టి ఎవరు తుడుస్తారు? చావడానికి నీకు బోలెడు రోజులున్నాయి. వాడికి ఇవాళ ఒక్కటే ఉంది."

ముసలివాడు చాప వైపు చూశాడు. తర్వాత రాజు వైపు తల ఎత్తాడు.

"ముడి జారలేదు దొరా. తాడు తెగింది."

"అయితే తాడును అడగండి!" అని చేపలమ్మే ఒకామె అరిచింది.

మిక్కస్ తెగిన కొసను చేతిలోకి తీసుకున్నాడు. "ప్రభూ, నేను తాడును. పడవలు లాగి లాగి పీచుపీచైనదాన్ని. నన్ను మార్చమని అడిగారు, మార్చలేదు. బతికినన్నాళ్ళూ ఎంత బరువు వేస్తే అంత మోశాను. మోయలేనంత వేస్తే నాలాంటిది ఏదైనా తెగుతుంది. తప్పు నాది కాదు, బరువుది."

జనంలో నవ్వు లేచింది. ఆ నవ్వులో ఏదో పదును ఉంది. రాజు కూడా నవ్వాడు.

"బాగుంది. సరే, విగ్రహమా! నికాన్‌ను చంపింది నువ్వేనా?"

మిక్కస్ విగ్రహం పక్కన నిటారుగా నిలబడి, ఛాతీ విరిచి, గెడ్డం పైకెత్తాడు. అచ్చం రాజులాగే ఉన్నాడు.

"నేను ఉత్త కంచును ప్రభూ. ఇంత బరువుగా పుడతానని నేను కోరలేదు. దేవుడికన్నా ఎత్తు కావాలని నేను అడగలేదు. గాలి తగ్గేదాకా పడుకునే ఉంటానన్నా నన్ను ఉండనివ్వలేదు. ఇప్పుడే ఈ క్షణమే లేవాలని ఎవరు ఆజ్ఞ ఇచ్చారో, నా తప్పు..."

జనం రాజు వైపు తిరిగారు.

"ఆగు!" రాజు చెయ్యెత్తాడు. "విగ్రహానికి నోరు లేదు."

"ఇప్పుడే తాడు మాట్లాడింది కదా ప్రభూ?"

"తాడు మాట్లాడవచ్చు. విగ్రహం మాట్లాడకూడదు. అది నోరు లేనిది. ఇంకెవరిమీదకూ తోయలేదు. కనుక చట్టం ప్రకారం అదే దోషి!"

"మరి శిక్ష?"

అగాథర్కస్ తన కంచు మొహాన్ని చూసుకున్నాడు. "ఇంత ఖరీదైనదాన్ని సముద్రంలోకా? ఇంకేదైనా మార్గం..."

"ఉంది ప్రభూ. విచారణ ముందుకు సాగిద్దాం. విగ్రహం తర్వాత ఎవరో..."

"అక్కర్లేదు! ముంచేయండి! ముసలివాణ్ణి విప్పండి!"

నిలబెట్టడానికి వెట్టికి వచ్చినవాళ్ళే ఈసారి పిలవకుండా వచ్చి ఆ విగ్రహాన్ని రేవుదాకా ఈడ్చుకుపోయారు. రాజు బొమ్మ తలకిందులుగా నీళ్ళలో పడింది. ఊరు ఊరంతా చూసింది. రాయబారులు రాజుగారి న్యాయబుద్ధిని పొగిడారు. స్వంత విగ్రహాన్నే శిక్షించిన రాజు ఎక్కడైనా ఉన్నాడా అన్నారు. ఆ పొగడ్త వినగానే అగాథర్కస్ కోపం చల్లారింది. కోటలోకి వెళ్ళాక మిక్కస్ వీపు చరిచాడు.

"దొంగా! నేను ఆపకపోతే విగ్రహం ఏమనేదిరా?"

"మీకు తెలుసు కనుకనే ఆపారు ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. భుజం మీది ఊదారంగు శాలువా తీసి మిక్కస్ మీద కప్పాడు.

కెరినాలో ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రాజు నవ్వాడు, బహుమానం ఇచ్చాడు, ఇంకేం కావాలి? కానీ మిక్కస్ ఆ శాలువాతో నేరుగా రేవుకు వెళ్ళాడు.

అక్కడ ఎర్గినస్ కొడుకుకు స్నానం చేయిస్తున్నాడు. వేళ్ళ సందుల్లో మట్టి కూడా తీస్తున్నాడు. మిక్కస్ శాలువా చాచాడు. "వాడికి కప్పు తాతా."

"వద్దు నాయనా. వాడికి నా గొంగళి చాలు."

ముసలివాడు కొడుకు రెండో చెయ్యి అందుకున్నాడు. తల తిప్పకుండానే అడిగాడు. "నువ్వు గొప్పవాడివి నాయనా, నన్ను బతికించావు. తాడు తరఫున మాట్లాడావు, కంచు తరఫున మాట్లాడావు. అంతసేపు విచారణ జరిగింది కదా, నా బిడ్డ తరఫున ఎవరూ మాట్లాడలేదేం?"

మిక్కస్ శాలువాను ఇసుకలో వదిలి, కడవ ఎత్తి, ముసలివాడు పోయమన్నచోటల్లా నీళ్ళు పోశాడు.